ఎవరి గోడకు వారి కన్నము
(ఏలూరు పఠనమందిరమున నొసగిన యుపన్యాసము)



వెనుకటి దొంగ గోడకు కన్నము వేసెడివాడు. నేటి దొంగ మన చేతిలోని ఫోను ద్వారముననే యింట బ్రవేశించుచున్నాడు. ఇందు మోసపోవువాడు చదువురానివాడే యని పట్టణవాసులమగు మనము తలచుచున్నాము. ఇది వట్టి భ్రమ. ఎవరి బ్రతుకునుబట్టి వారి గోడలో కన్నమున్నది.

కొల్లేటి లంకలలోని పల్లెకారుని జూడుడు. ఫోనుకు వచ్చిన వార్తను మరియొకరు చదివిపెట్టవలెను. బ్యాంకు సొమ్ము తీయుటకు ఒరుల యంత్రముపై వ్రేలిముద్ర వేయవలెను. పరుని నమ్మనిదే దినము గడవనివానికి, రహస్యసంఖ్య చెప్పుట తప్పుగా నెట్లు తోచును?

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారులోని వర్తకునికి తొందర యెక్కువ. సొమ్ము వచ్చుచున్నదని యెవడో చెప్పగానే రహస్యసంఖ్య నొక్కును. ఆ సంఖ్య సొమ్ము నిచ్చుటకేగాని పుచ్చుకొనుటకు గాదని యా క్షణమున మరచును.

ఇక మన యేలూరిలో పింఛను పుచ్చుకొను పెద్దమనిషి. ఆంగ్లము వచ్చును, పత్రిక చదువును. అయినను పోలీసు దుస్తులవాడొకడు ఫోను తెరపై గనబడి, “నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఎవ్వరికిని చెప్పకుము” అనగానే వణకును. ఉత్తరువునకు తలయొగ్గిన చిరకాలపు టలవాటును, పరువుభయమును అచ్చట కన్నములైనవి. న్యాయవాదులముగా చెప్పుచున్నాము: ఫోనుమీద మనిషిని నిర్బంధించు అధికారము మన చట్టములం దెచ్చటను లేదు. 2024 అక్టోబరు 27వ తేదీ రేడియో ప్రసంగమున ప్రధానమంత్రియు నీ మాటయే చెప్పెను.

కావున అందరికి నొకే మందు పనిచేయదు. ఆంగ్లమున వచ్చు హెచ్చరిక లంకకు జేరదు. దానిని తెలుగున, నోటిమాటగా జెప్పవలెను. వర్తకునికి ఒక్క నిమిషము నిదానింపుమనవలెను. ఉద్యోగికి భయపడవలదని ధైర్యము చెప్పవలెను.

అన్నిటికన్న ముఖ్యము, మోసపోయినవానిని నవ్వరాదు. నవ్వుదురను సిగ్గుచే నతడు దాచును; దాచినంతసేపు సొమ్ము ఖాతానుండి ఖాతాకు పారిపోవుచుండును. తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఉప్పు సత్యాగ్రహము జరిగిన సంవత్సరమే యది; ఆంధ్రులకు మరపురానిది.

1914లో బెజవాడయందు గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు, పుస్తకమును పల్లెకు గొనిపోవుటయే దేశసేవ యనిరి. ఆ సేవ నేడు మనవంతు. వారమున కొక సాయంకాలము ఈ మందిరమున అర్జీలు వ్రాసిపెట్టుటకు మేము కూర్చుందుము. లంకలకు మాతో వచ్చుటకు మీలో నెవరు సిద్ధముగా నున్నారు?