పరదేశపు బండకు ప్రయాణం కట్టేముందు
(సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. ఆదాయ వ్యయాలూ, రాజపూజ్య అవమానాలూ అందరమూ విన్నాము. నాకు దయచేసిన ఈ కొద్ది వేళలో మరొక రకం లెక్కను మీ ముందు విప్పదలచాను. పిల్లలు బండలెక్కడానికి పరదేశం పోతామంటే ఇంట్లో పెద్దలు చేయవలసినదేమిటి అన్నది నా విషయం. ఇది మన సభలో మాట్లాడదగిన సంగతేనా అని కొందరికి అనిపించవచ్చు. అయితే ఆదివారం తెల్లవారకముందే తాళ్ల సంచీలు భుజాన వేసుకొని రామనగరం దారి పట్టే పిల్లలు మన బెంగుళూరు తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఒకరిద్దరు కారు. వారిలో మా అమ్మాయి ఒకతె.

రామనగరం బండలు మీరెరిగినవే. 1975లో విడుదలైన ‘షోలే’ చిత్రంలో గబ్బర్‌సింగు కాపురం అక్కడే. అక్కడి రామదేవరబెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. కనుక కనిపించిన ప్రతి బండా ఎక్కడానికి వీలులేదు. అనుమతి ఉన్నచోటనే ఎక్కవలె. మా అమ్మాయి, ఆమె స్నేహితులు ముగ్గురు, మూడేళ్లుగా అక్కడ అభ్యాసం చేస్తున్నారు. కిందటేడు ఒక రాత్రి భోజనాల దగ్గర ఆమె, “నాన్నా, పుష్యమాసంలో మేము నలుగురమూ థాయిలాండు పోతాము. క్రాబీ దగ్గర రైలే అని ఉంది. ప్రపంచంలో శిలారోహణకు పేరుమోసిన చోట్లలో అది ఒకటి” అన్నది.

మా ఇల్లాలు గరిట కింద పెట్టి, “కొండ ఎక్కడానికి తిరుపతి లేదుటే? అలిపిరి మెట్లెక్కితే పుణ్యమైనా దక్కుతుంది” అన్నది.

నేనేమన్నానో కూడా చెప్పుకోవలె. మొదటి రోజు “వద్దు” అన్నాను. రెండవ రోజు అమ్మాయి ముఖం చూడలేక “నీ ఇష్టం” అన్నాను. ఈ రెండు మాటలూ వేరువేరుగా వినిపిస్తాయి గాని, నిజానికి ఒకటే. రెండింటిలోనూ తండ్రికి శ్రమ లేదు. శ్రమ పడినది మా ఇల్లాలు. ఆమెకు భయం పోలేదు. కాని ఆ భయాన్ని ఒక్కొక్క ప్రశ్నగా మార్చి, పిల్లలను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నలకు వెదకి తెచ్చిన జవాబులే వారి ప్రయాణ సన్నాహమైనాయి.

మొదటి ప్రశ్న: “ఆ బండ మన బండ లాంటిదేనా?”

కాదు. మన రామనగరం రాయి గ్రానైటు. భూగర్భంలో కరిగిన పదార్థం చల్లారి గట్టిపడినది. ఎక్కువగా నున్నని ఏటవాలు బండలు. పాదాల పట్టు మీద, తూకం మీద ఎక్కవలె. రైలే రాయి సున్నపురాయి. ఒకనాటి సముద్రజీవుల గుల్లలూ, పగడాలూ పేరుకొని ఏర్పడినది. మన బొర్రా గుహలు చూచినవారికి పైకప్పునుండి వేలాడే రాతి ఊడలు జ్ఞాపకముంటాయి. రైలేలో అటువంటివి ఆరుబయట, సముద్రపుటొడ్డున, గోడలకు వేలాడుతుంటాయి. గోడలు చాలాచోట్ల మన మీదికి వాలి ఉంటాయి. అక్కడ పాదాల నేర్పు ఒక్కటే చాలదు, చేతులకు సత్తువ కావలె. కాబట్టి పిల్లలు నాలుగు నెలలు ఊళ్లోని కృత్రిమ గోడల మీద వాలుగా ఎక్కడం సాధన చేశారు. అక్కడ కష్టాన్ని ఫ్రెంచి పద్ధతిలో 5, 6ఎ, 6బి అని కొలుస్తారు. ఇక్కడ 6బి ఎక్కేవారు సైతం అక్కడ మొదటి రెండు రోజులు 5 దాటకూడదని కాగితం మీద రాసుకున్నారు.

రెండవ ప్రశ్న: “మిమ్మల్ని ఆపేది ఏది?”

ఇది చాలా పెద్ద ప్రశ్న. బండకు రంధ్రం తొలిచి బోల్టు దిగవేసి ఉంటుంది. ఎక్కే మనిషి తన నడుముకు కట్టిన తాటిని ఒక్కొక్క బోల్టుకు కొక్కెంతో తగిలించుకుంటూ పైకి పోతాడు. కింద జతగాడు తాడు విడుస్తూ, అవసరమైనపుడు ఆపుతూ ఉంటాడు. పైనున్నవాడు జారితే చివర తగిలించిన బోల్టే ఆధారం. రైలేలో 1980ల చివరినుండి శిలారోహకులు దారులు వేశారు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు చాలునని మొదట అనుకున్నారు. సముద్రపు ఉప్పు, వేడి, తేమ, సున్నపురాతిలోంచి ఊరే నీరు కలిసి ఆ ఉక్కును పగుల్చుతాయని తరువాత తెలిసింది. పైకి బాగానే కనబడుతుంది. లోపల సన్నని పగుళ్లు పాకి ఉంటాయి. కొన్నేళ్లకే మనిషి బరువుకు విరిగిన బోల్టులున్నాయి. అందుచేత దాతల విరాళాలు పోగుచేసి, టైటేనియం బోల్టులను గట్టి జిగురుతో రాతిలో అతికించి, దారులను ఒక్కొక్కటే బాగుచేస్తూ వచ్చారు.

ఇది విని మా ఇల్లాలు, “ఉప్పులో ఊరిన ఊరగాయ స్టీలు డబ్బాలో పెట్టకూడదని నాకు తెలుసునే, వాళ్లకు తెలియలేదా?” అన్నది. అందరమూ నవ్వాము గాని, ఆమె మాటే నియమమైంది. టైటేనియం వేసినదని అక్కడి శిలారోహణ దుకాణంలో అడిగి, కొత్త మార్గదర్శక పుస్తకంలో చూచి, తమ కళ్లతో పోల్చుకున్న దారి మాత్రమే ఎక్కవలె. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఎక్కకూడదు.

తాటి లెక్క కూడా ఇక్కడే చెబుతాను. 60 మీటర్ల తాటితో మనిషిని దించాలంటే తాడు పైకి పోయి మళ్లీ కిందికి రావలె గదా. కనుక 30 మీటర్ల ఎత్తుకే సరి. 35 మీటర్ల దారికి 70 మీటర్లు కావలె. ఈ లెక్క తప్పి, దించుతూండగా తాటి కొస జతగాడి చేతి పరికరంలోంచి జారిపోయి మనుషులు పడిన సందర్భాలు లోకంలో అనేకం. తాటి కొసను ఒక ముడి వేస్తే ఆ ప్రమాదం లేదు. ముడికి కాసు ఖర్చు లేదు.

మూడవ ప్రశ్న: “ఏ రోజుల్లో పోవలె?”

అక్కడ మే నెలనుండి అక్టోబరు దాకా నైరుతి వానలు. నవంబరునుండి మార్చి దాకా పొడి రోజులు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. కాని రైలేకు రోడ్డు లేదు. అది ప్రధాన భూభాగంలోనిదే అయినా కొండగోడలు అడ్డం. ఆవ్‌నాంగ్ తీరంనుండి పొడుగుతోక పడవలో పోవలె. పడవ ఒడ్డుకు రావడం ఆటుపోట్ల మీద ఆధారపడింది. నీరు బాగా తీసినపుడు తూర్పు వైపు దూరందాకా బురద తేలుతుంది. సామాను నెత్తిన పెట్టుకొని బురదలో నడవవలె. అక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. అమావాస్య, పూర్ణిమల తరువాత ఒకటి రెండు రోజులు పోటు మిక్కిలి ఎత్తు, ఆటు మిక్కిలి పల్లం. అష్టమి ప్రాంతంలో రెండింటికీ తేడా తక్కువ.

ఇది తెలిసిన తరువాత మా ఇంట్లో గోడకు వేలాడే పంచాంగానికి పని పడింది. మా ఇల్లాలు వర్జ్యం, దుర్ముహూర్తం చూస్తూంటే, అమ్మాయి అదే పుటలో తిథి చూచి, అష్టమినాటికి చేరేలా టిక్కెట్లు కొన్నది. ఇద్దరూ సంతృప్తి చెందారు. ఈ ఉగాది పాడ్యమినాడు, అమావాస్య వెళ్లిన మరునాడు, రైలే తీరంలో నీరు ఎంత దూరం వెనక్కి పోతుందో ఇప్పుడు మీరే ఊహించవచ్చు. అది మన అండమాను దీవులను తాకే సముద్రమే.

నాలుగవ ప్రశ్న తల్లులు పైకి అనడానికి ఇష్టపడనిది: “పడితే ఎవరు తీసుకుపోతారు?”

పడవలోనే తీసుకుపోవలె. రాత్రివేళ, ఆటు సమయంలో, అది ఆలస్యం. అందుచేత చీకటి పడకముందే బండ దిగవలె, ఎక్కేవారు, కింద తాడు పట్టేవారు ఇద్దరూ శిరస్త్రాణం ధరించవలె అన్నారు. రాతి ఊడల ముక్కలు కింద నిలిచినవారి మీదనే పడతాయి గదా. బీమా సంగతి నేను చూచాను. మామూలు ప్రయాణ బీమాల్లో తాళ్లతో కొండలెక్కడం చాలాసార్లు మినహాయింపుల జాబితాలో, సన్నని అక్షరాల్లో ఉంటుంది. ముందు కొన్న పత్రంలో అట్లాగే ఉన్నది. దాన్ని వదలి, శిలారోహణను పేరుపెట్టి చేర్చిన పత్రం తీసుకున్నాము. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండవలె. వీసా నిబంధనలు మారుతుంటాయి కనుక ఎవరి మాటో నమ్మక, టిక్కెట్టు కొనేముందు ఒకసారి, బయలుదేరేముందు ఒకసారి రాయబార కార్యాలయం ప్రకటన చూడవలె. 2025 మే 1 నుండి ఆ దేశం చేరడానికి ముందు మూడు రోజుల్లోపల ఒక ఆగమన పత్రం కంప్యూటరులో నింపడం తప్పనిసరి చేశారు.

తిండి సంగతి తల్లులకు ఒక్క మాట చెప్పవలె. అక్కడి కూరల్లో చేపల రసం, రొయ్యల ముద్ద మనకు తెలియకుండానే పడతాయి. “మాంసం వద్దు” అంటే చాలదు. ‘జే’ అని అడగవలె. అది వారి శుద్ధ శాకాహారం పేరు. అయినా మా అమ్మాయి సంచీలో కందిపొడి డబ్బా బరువెంతో తూచి, ఆ మేరకు బట్టలు తగ్గించారు.

ఇంతా జరిగి, ప్రయాణానికి నెల రోజులుందనగా, అంతా ఆగిపోయినంత పని అయింది. అది నేను దాచను.

రామనగరంలో అభ్యాసం చేస్తున్నారు. మా అమ్మాయి పైన ఉంది. పై బోల్టుకు తాడు తగిలించాలంటే ఇంకాస్త తాడు కావలె. “వదులు!” అని అరిచింది. కింద తాడు పట్టినది మరొక తెలుగు ఇంటి పిల్లవాడే. “వదులు” అంటే తాడు వదులు చేయమనీ అర్థమే, నన్ను కిందికి వదలమనీ అర్థమే. అతడు రెండవది అనుకున్నాడు. దించేముందు చేయవలసినట్టు తాడు బిగలాగాడు. తాడు కావలసిన చోట లాగుడు తగిలి ఆమె బండనుండి ఊడి, ఊగి, పక్కనున్న రాతికి కొట్టుకున్నది. మోచేయి చీరుకుపోయింది. నాలుగు కుట్లు. అంతకన్న ఏమీ కాలేదు.

ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “అత్తయ్యగారూ, నేను రాను. నాకు బదులు ఇంకెవరినైనా తీసుకుపొమ్మనండి” అన్నాడు. కళ్లనిండా నీళ్లు. నేను మళ్లీ “వద్దు” అనడానికి సిద్ధమైనాను. మా ఇల్లాలు అతణ్ణి లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి, “తప్పు నీది కాదు నాయనా, మాటది. మాట మార్చండి” అన్నది.

మనం ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింట్లో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడి తరాలు గడిపినవాళ్లం. ఏ మాటతోనైనా పని జరిపించుకోగలమని మనకొక ధీమా. బండ మీద ఆ ధీమా పనికిరాదు. పిల్లలు మొదట “బిగించు”, “దించు” అని పెట్టుకున్నారు. మా ఇల్లాలు మేడమీద నిలిచి, వాళ్లను వీధి చివరనుండి అరవమన్నది. గాలికి “-ంచు” ఒకటే వినిపించింది. చివరకు మూడు మాటలు కుదిరాయి: తాడు కావాలంటే “తాడూ”, లాగి పట్టాలంటే “బిగి”, దించాలంటే “కిందికి పోనీ”. ప్రతిదానికి ముందు జతగాడి పేరు. కిందివాడు అదే మాట తిరిగి పలికిన తరువాతనే పని. ‘వదులు’ అన్న మాట నలుగురి నోటా నిషేధం. నెల రోజులూ ఆ పిల్లవాడే మా అమ్మాయికి తాడు పట్టాడు. అందరూ కలిసి వెళ్లారు.

అక్కడ ఏమి జరిగిందని మీరు అడుగుతారు. పది రోజులున్నారు. రెండు రోజులు ఎక్కి ఒకరోజు విశ్రమించారు. బయలుదేరినప్పటినుండి వారి మనసు ఒక దారి మీద ఉండేది. గోడమీద దాని బొమ్మ అంటించుకున్నది మా అమ్మాయి. ఏడవ రోజు దాని మొదలుకు పోయి చూస్తే, కొత్త బోల్టుల నడుమ రెండు పాతవి కనిపించాయి. దుకాణంలో అడిగితే ఎవరూ నిశ్చయంగా చెప్పలేకపోయారు. వెనక్కి తిరిగి వచ్చారు. ఆ మధ్యాహ్నం సముద్రంలో ఈత కొట్టారు. అంతే.

ఆ రాత్రి ఫోనులో అమ్మాయి, “అమ్మా, ఈవేళ ఏమీ జరగలేదు” అన్నది. అప్పటిదాకా ముళ్లమీద ఉన్న మా ఇల్లాలు ఆ మాట విని, దేవుడి గూటిలో దీపం సరిచేసి, నిద్రపోయింది.

పెద్దలకు నా విన్నపం ఇంతే. “వద్దు” అనకండి, “నీ ఇష్టం” అని కూడా అనకండి. కాగితం, కలం తీసుకొని పక్కన కూర్చోండి. మీ భయాలను వరుసగా అడగండి. పిల్లలకు నా విన్నపం: జవాబు లేని ప్రశ్న ఒక్కటి మిగిలినా, బండ ఎక్కడికీ పోదు, మరుసటేడు పోవచ్చు. తాటి కొసను ముడి వేయడం మాత్రం ఏ ఏడూ మరువకండి.