ద్రాక్షపండ్లకు ఇంట్లో బూజు పట్టకుండా

మాఘ ఫాల్గుణ మాసాలలో ద్రాక్షతోటలు కోతకు వస్తాయి. మంచి గుత్తులు బజారుకు పోగా ఇంటికని రెండు మూడు కిలోలు అట్టే పెట్టుకుంటారు. ఉగాదికి అమ్మాయీ అల్లుడూ వస్తారు గదా అని ఇంటి ఇల్లాలు వాటిని బుట్టలో వత్తుగా సర్ది, పైన గుడ్డ కప్పి దాచిపెడుతుంది. నాలుగో నాడు గుడ్డ తీసి చూస్తే ఏముంది? గుత్తి నడుమ నల్లని మసి, పక్కన బూడిదరంగు నూగు, పులిసిన వాసన. ఏడాది పొడుగునా తీగకు చాకిరీ చేసినవారి ఇంట్లోనే పిల్లలకు పండు లేకుండా పోయింది!

పొరపాటు ఎక్కడున్నదంటారా? మనకు మామిడి అలవాటు. మామిడికాయను కోసి, గడ్డిలో మాగవేస్తే పండుతుంది. ద్రాక్ష అట్లా కాదు. తీగ మీద ఎంత పండితే అంతే. కోసిన తరువాత ఇక తీపెక్కదు. కప్పి, వెచ్చగా ఉంచినందువల్ల పండుకు ఒరిగేది ఏమీ లేదు, బూజుకే మేలు. అందుచేత మామిడికి చేసే మర్యాద ద్రాక్షకు చేయకండి.

బూజు బయటనుంచి ఇంట్లోకి వచ్చి పట్టేదని కొందరనుకుంటారు. దాని విత్తనాల వంటి సన్నని కణాలు తోటలోనే పండు మీద వాలి ఉంటాయి. తొక్క పొడిగా, చీలిక లేకుండా ఉన్నంతకాలం వాటి ఆటలు అంతగా సాగవు. తడి తగిలినా, తొక్క చిట్లి రసం ఊరినా అవి మొలకెత్తుతాయి. ఒక పండులో చేరిన బూజు దారాలు పక్క పండుకు పాకుతాయి. గుత్తి నడుమనే ముందు చెడడానికి కారణం కూడా ఇదే. అక్కడ గాలి ఆడదు.

కాబట్టి పని కోతనాడే మొదలవుతుంది. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు కోయండి. వాన పడిన రోజున ఇంటికి దాచుకునే గుత్తులు కోయవద్దు. కత్తెరతో కాడ కోసి, ఆ కాడ పట్టుకొనే గుత్తిని మోయండి. పండు మీద సన్నని తెల్లని పూత ఉంటుంది, చూశారా? మందు అంటుకున్నదేమో అని దానిని తుడిచేస్తారు. అది పండు తనకు తాను పూసుకున్న మైనం, నీటిని నిలవనీయదు. దాన్ని అలాగే ఉండనివ్వండి. అయితే మందు చల్లిన తోట అయితే, చల్లినాటికీ కోతకూ మధ్య ఉండవలసిన గడువు డబ్బా మీద చూసి పాటించాలి సుమా. తినేముందు కడగడం ఎలాగూ ఉన్నదే.

ఇంటికి తెచ్చాక గుత్తిని వెలుతురులో తిప్పి చూడండి. చిట్లినవి, మెత్తబడినవి, బూజు పొడ చూపినవి ఉంటే, వేళ్లతో లాగకుండా కత్తెరతో తొడిమె దగ్గర కత్తిరించండి. లాగితే రసం కారి పక్క పండ్లు తడుస్తాయి. బూజు పండుకు ఆనుకొని ఉన్న పండ్లనూ తీసేయాలి. కొంచెం గిల్లి మిగతాది తిందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు. మెత్తని పండులో బూజు కంటికి కనబడినంత మేరే ఉండదు. కొన్ని బూజులు విషపదార్థాలను కూడా పుట్టిస్తాయి. వాటిని పశువులకూ వేయకండి. తోటకు దూరంగా గోతిలో పూడ్చండి.

తరువాత గుత్తులను చాటలోనో, వెడల్పు తట్టలోనో ఒకే వరుసగా పరవండి. అడుగున పొడి నూలుగుడ్డ చాలు. పాత గడ్డి వద్దు, దానిలోనూ బూజు ఉంటుంది. వార్తాపత్రికా వద్దు, సిరా అంటుతుంది.

ఫ్రిజ్ ఉన్నవారు చిల్లులున్న సంచిలో పెట్టి అందులో ఉంచండి. చలికి బూజు నెమ్మదిస్తుంది గాని పూర్తిగా చావదు; బూడిదరంగు బూజు మంచుగడ్డ కట్టే చలిలోనూ మెల్లగా పెరుగుతుంది. అందువల్ల రెండు రోజులకొకసారి చూడవలసిందే. సంచిని మాటిమాటికీ బయటపెట్టి లోపల పెడితే పండు చెమర్చుతుంది, ఆ చెమటే చేటు. కావలసినంత మాత్రం తీసి, అప్పుడు కడిగి తినండి.

ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, రెంటి నడుమ ఇసుక పోసి తడుపుతూ ఉండండి. పండ్లు లోపలి కుండలో పొడిగా ఉండాలి, మూతికి పలుచని పొడి గుడ్డ కట్టాలి. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండలో ఇది బాగా చల్లబడుతుంది. కోస్తా ఉక్కలో అంత ప్రయోజనం ఉండదు. అక్కడివారు నిలవ ఆశ పెట్టుకోకుండా రెండు రోజులలో తినేయడమే నయం.

లంబసింగి వైపు స్ట్రాబెర్రీ వేసినవారు ఇంకా తొందరపడాలి. ఆ పండుకు మందమైన తొక్క లేదు, ఫ్రిజ్‌లోనైనా నాలుగైదు రోజులు నిలిస్తే గొప్ప. తొడిమె ఊడదీయకుండా, ఒకదానిపై ఒకటి పడకుండా పెట్టండి. ఒక పాలు వెనిగర్‌కు మూడు పాళ్లు నీరు కలిపి ముంచితే బూజు తగ్గుతుందంటారు. తగ్గుతుంది, నిజమే. కాని తరువాత మంచినీటితో కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. ఆరీ ఆరకుండా డబ్బాలో పెడితే చేసిన శ్రమ అంతా వృథా. నన్నడిగితే, ఆరబెట్టే తీరిక లేనివారు అసలు తడపకపోవడమే మేలు.

గ్రామాలలో తిరిగే విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ఎగుమతి పెట్టెలలో పెట్టే గంధకపు కాగితాలను ఇంటి వాడకానికి అడిగితే ఇప్పించకండి. వాటినుంచి వచ్చే వాయువు ఉబ్బసం ఉన్నవారికి చాలా కీడు చేస్తుంది.

ఇక కత్తిరించగా మిగిలిన విడిపండ్లు, బూజు లేనివి, ఉంటాయి గదా. తొడిమె ఊడిన చోట తొక్క తెరుచుకొని ఉంటుంది కనుక అవి నిలవవు. వాటిని ఆ పూటే కడిగి పిల్లల చేతిలో పెట్టండి. గుత్తులు ఉగాదికి ఉంచుకోండి.