పెద్దవయసు మగవారి మూత్రబాధలు – చికిత్సలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా సభలలో ఎవరూ ఎత్తని విషయాన్ని ఈరోజు ఎత్తుకున్నాము. 'షరా మే షరమ్ క్యా' అని ఉర్దూలో సామెత వున్నది. ధర్మానికి సంబంధించిన మాటలో సిగ్గేమిటని దాని భావం. చుక్కలు పడి వుజూ నిలవదేమో, బట్టలు పాక్‌గా వుండవేమో అని మసీదుకు రావడమే తగ్గించుకున్న పెద్దలు మనలో వున్నారు. ప్రయాణాలు మానుతారు, దావతులు మానుతారు. కారణం మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు.

మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ, ప్రోస్టేట్ అనే గ్రంథి వుంటుంది. పడుచు వయసులో అక్రోటు కాయంత వుండే ఈ గ్రంథి 50 ఏళ్లు దాటాక చాలామందిలో పెరిగి నాళాన్ని నొక్కుతుంది. దానితో ధార సన్నబడుతుంది, మొదలుకావడం ఆలస్యమవుతుంది, రాత్రి పదే పదే లేవవలసి వస్తుంది. ఈ పెరుగుదల కాన్సరు కాదు. అయితే షుగరు, మూత్రంలో చీము, రాళ్లు, ఒక్కోసారి కాన్సరు వున్నా ఇలాంటి బాధలే కనబడవచ్చు. అందుకే మూత్రపరీక్ష, రక్తపరీక్ష, పొట్ట స్కానింగు చేయిస్తారు. వేలితో గ్రంథిని తడిమి చూస్తారు. ఇది తెలియక అంగట్లో మందు కొని మింగడం తగదు.

ఇక చికిత్స మూడు మెట్లుగా వుంటుంది.

మొదటిది మందు లేనిది. బాధ కొద్దిగా వుంటే ఇదే చాలవచ్చు. పడుకోబోయే ముందు నీళ్లు, చాయ్ తగ్గించాలి. పగటిపూట నీళ్లు మానరాదు. ఒకసారి పోసి, కాస్త ఆగి, మళ్లీ ప్రయత్నించాలి. మలబద్ధకం రానీయకూడదు. జలుబు మాత్రలు కొన్ని మూత్రాన్ని బిగబట్టిస్తాయి, జాగ్రత్త.

రెండవది మాత్రలు. టామ్సులోసిన్ వంటివి అక్కడి కండరాన్ని సడలిస్తాయి. కొద్ది రోజుల్లోనే గుణం కనబడుతుంది. తల తిరగవచ్చు గనుక ఫజర్‌కు లేచేటప్పుడు మంచంమీద కాసేపు కూర్చుని లేవాలి. కంటి శుక్లం ఆపరేషనుకు ముందు ఈ మాత్ర సంగతి కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఫినాస్టెరైడ్ వంటివి పెరిగిన గ్రంథినే కుదిస్తాయి, కాని 6 నెలలైనా ఓపిక పట్టాలి. కొందరికి దాంపత్య శక్తి తగ్గుతుంది. తగ్గితే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

మూడవది ఆపరేషను. పొట్ట కోయకుండా, మూత్రమార్గం గుండానే పరికరం పంపి అడ్డును చెక్కి తీస్తారు. దీన్ని టి.యు.ఆర్.పి. అంటారు. లేజరుతో కూడా చేస్తారు. ఆ తరువాత వీర్యం వెలికి రాక వెనక్కు మూత్రాశయంలోకి పోవడం మామూలే. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

మూత్రం బొత్తిగా ఆగిపోతే తెల్లవారేదాకా కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి పోతే గొట్టం వేసి తీస్తారు. రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు. అడ్డు చాలాకాలం అలాగే వుంటే కిడ్నీలు దెబ్బతింటాయి.

వుజూ సంగతికి వస్తే, ఎడతెగక చుక్కలు పడే రోగిని ఫిఖహ్‌లో 'మాజూర్' అంటారు. హనఫీ పద్ధతిలో అతడు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే, ఆ చుక్కల వల్ల ఆ వేళలో అది భంగం కాదు. వివరం మౌల్వీ సాహెబును అడగవచ్చు. కనుక మసీదు మానుకోవలసిన పని లేదు.

కొడుకులకు ఒక మాట. అబ్బాజాన్ రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో గమనించండి. ఆయన నోరు విప్పి చెప్పరు. మీరే మెల్లగా అడిగి డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకొని పోండి. అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. సెలవు.