విత్తనం దాచుకుంటే చాలదు



మేము బడిపంతులు పని చేసినవారము. మా తెలుగు తరగతిలో నేర్చిన తెలుగు. తప్పులుంటే మన్నించండి. ఈనాడు విత్తనమును గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము.

తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో చాలామంది పేద రైతులకు వానే ఆధారం. అక్కడి పేద స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళితులు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో 1980ల నుండి ఊరూరా సంఘములుగా ఏర్పడినారు. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చారు. పేదల కడుపు నిండింది. కాని జొన్న, కొర్ర, సామ తినడం తగ్గింది, వేయడమూ తగ్గింది. వేయని పంటకు విత్తనం మిగలదు. అందుచేత ఈ తల్లులు ఇళ్లలో మిగిలిన గింజలు వెదకి, ఊళ్లలో విత్తన నిధులు పెట్టుకున్నారు.

వారి పద్ధతి వినండి. చేను కోయకముందే నడిచి చూచి, బలమైన కంకులను విత్తనానికి ఏరుకుంటారు. బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన వెదురు గంపలో పోసి, మూతిని మట్టితో మెత్తుతారు. ఒకే చేనిలో జొన్న, కొర్ర, కంది, పెసర కలిపి వేస్తారు. వాన ఒకదానికి చాలకపోతే మరొకటి చేతికి వస్తుంది. కంది, పెసర వేళ్లు నేలకు నత్రజనిని ఇస్తాయి. నిధి నుండి విత్తనం తీసుకున్నవారు పంట వచ్చాక రెండింతలు కొలిచి ఇస్తారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

మనం జహీరాబాద్ వారము కాము. మన పెద్దలు ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు వచ్చినవారు. అయినా మా నాయనమ్మకూ ఈ విద్య తెలుసు. ఎండిన ఆనపకాయ బుర్రలో బూడిద పోసి చిక్కుడు గింజలు దాచేది. ఏటా పెరట్లో వేసేది, ఇరుగుపొరుగుకు పంచేది.

ఆమె పోయిన తరువాత ఆ బుర్రను జ్ఞాపకంగా అల్మారాలో భద్రపరచాము. తొమ్మిదేండ్లకు తీసి నాటితే ఒక్క గింజ మొలవలేదు. పురుగు పట్టలేదు, తడి తగలలేదు. ఏటా వేయకపోవడమే మా తప్పు. ఆమె పంచిన ఇళ్లకు వెళ్లి అడిగాము. అక్కడా ఎవరూ వేయడం లేదు. ఆ చిక్కుడు ఇక లేదు.

మన ఇళ్లలో తాతల తెలుగు పుస్తకములు కూడ అల్మారాలలోనే ఉన్నవి. పిల్లలారా, అంతకంటె మేము చెప్పనక్కరలేదు.

ఒక మనవి. వచ్చే ఉగాదికి మీ పెరటి విత్తనం, గోంగూర కాని, మునగ కాని, చిక్కుడు కాని, పిడికెడు తెండి. పొట్లం మీద దాని తెలుగు పేరు పిల్లల చేత వ్రాయించండి. ఇచ్చిపుచ్చుకుందాము. మేము మా నాయనమ్మ బుర్రను ఖాళీగా తెస్తాము.

సెలవు.