గడియారానికి ఊరి పేరు కావాలి
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారానికొకసారి ఫోనులో వాళ్ల ముఖం చూడడమే మనకు పండుగ. ఆ ఫోనుకు మన వేళ, వాళ్ల వేళ ఎలా తెలుస్తాయో నాలుగు మాటలు చెబుతాను.

సూర్యుణ్ణి చూసి వేళ కడితే సరిపోదు. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. కర్నూలు సుమారు 78 డిగ్రీల వద్ద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన సూర్యుడు గడియారానికి సుమారు 18 నిమిషాలు, కడప సూర్యుడు సుమారు 15 నిమిషాలు వెనుక. పంచాంగానికి ఆ లెక్క కావాలి. ఆఫీసుకు, రైలుకు మాత్రం ప్రభుత్వం నిర్ణయించినదే వేళ. ఒకప్పుడు రైళ్లు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. 1906 జనవరి 1 నుండి భారత కాలమానం వచ్చింది. యుద్ధకాలంలో, 1942 నుండి 1945 వరకు, గడియారాలు గంట ముందుకు జరిగాయి.

ఇలా ప్రభుత్వాలు మార్చుతుంటాయి గనుక, ప్రోగ్రాము "ఐదున్నర గంటలు" అనే అంకె ఒక్కటే రాసుకుంటే చాలదు. శ్రీలంకకూ నేడు అదే అంకె. కానీ వాళ్లు 1996లో గడియారాలు మార్చి, 2006లో తిరిగి ఐదున్నరకు వచ్చారు. అందుకే ప్రపంచంలోని కాలమండలాలకు పేర్లు పెట్టి, వాటి చరిత్రతో సహా ఒక పట్టిక నిర్వహిస్తున్నారు. అందులో మన పేరు "ఏషియా/కోల్‌కతా". ఫోనులో ఆ పేరు కనబడితే కంగారు పడకండి. కర్నూలుకూ కడపకూ అదే. విండోస్ మాత్రం "ఇండియా స్టాండర్డ్ టైమ్" అంటుంది. రెండింటిలోనూ పనిచేయవలసిన ప్రోగ్రాము యంత్రాన్ని ఆ పేరు అడిగి, ఒకదానికొకటి సరిచూసుకోవాలి.

న్యూయార్కులో అబ్బాయి ఆదివారం ఉదయం 9 గంటలకు పిలుస్తానంటే జనవరిలో మనకు రాత్రి 7:30. జూలైలో సాయంత్రం 6:30. అక్కడ మార్చి రెండవ ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. తేడాను అంకెగా దాచుకున్న ప్రోగ్రాము అక్కడే తప్పుతుంది. మందుల సంగతి మాట్లాడడానికి అమ్మాయి ఇచ్చిన వేళ కూడా అలాగే తప్పిపోవచ్చు.

కాబట్టి పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు ఫోనులోనూ, కంప్యూటరులోనూ కాలమండలం సరిచూసుకోండి. వేళ చెప్పేటప్పుడు "మన కర్నూలు వేళ" అని ఊరు కలిపి చెప్పండి. ప్రోగ్రాములు రాసే మన పిల్లలకూ ఇదే మాట: అంకెతో పాటు పేరు దాచండి, పట్టికను ఎప్పటికప్పుడు కొత్తది చేసుకోండి, యంత్రం పొరబడితే దిద్దుకునే వీలు మా వంటి పెద్దలకు ఇవ్వండి.