జాబితాలో పేరుంటేనే ఊరి సభ్యులు



ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు ఏ పదవికీ పోటీ చేయలేదు. కానీ ముసాయిదా ఓటరు జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా అక్కడ ఉండేవారు. చదువు రానివాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకొని వార్డు వార్డూ పేర్లు పైకి చదివేవారు. పోయినాయన పేరుంది, నిరుడు వచ్చిన కోడలి పేరు లేదు అని ఎవరైనా అంటే అక్కడే రాసుకునేవారు. ఊరికి ఆయన చేసిన సేవల్లో నా లెక్కన ఇదే పెద్దది. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అనగానే మనకు రిజర్వేషన్లు, ఐదేళ్ల కాలపరిమితి గుర్తుకొస్తాయి. అందులోనే 243వ అధికరణం మొదట్లో గ్రామసభకు నిర్వచనం ఉంది. గ్రామ పంచాయతీ పరిధిలో ఓటరు జాబితాలో పేరున్న వారందరూ కలిస్తే గ్రామసభ. భూమి ఉన్నవాళ్లని గానీ, ఇంటిపన్ను కట్టినవాళ్లని గానీ, పుట్టి పెరిగినవాళ్లని గానీ అనలేదు. జాబితాలో పేరు ఉండాలి, అంతే. అంటే పేరు లేని మనిషికి పోలింగు రోజు ఒక్కటే పోవడం లేదు. లబ్ధిదారుల ఎంపిక మీద, పంచాయతీ లెక్కల మీద గ్రామసభలో సభ్యుడిగా అడిగే హక్కు కూడా పోతోంది. 21 ఏళ్లు నిండి సర్పంచి కావాలనుకున్నా ఆ పంచాయతీ జాబితాలో పేరు లేకపోతే నామినేషన్ చెల్లదు.

ఇంత ముఖ్యమైన జాబితా ఎలా తయారవుతుందో ఊళ్లో పదిమందిని అడిగి చూడండి, సరిగా చెప్పేవారు ఒకరిద్దరికి మించరు. తప్పు వాళ్లది కాదు, చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీకి, పార్లమెంటుకు ఎన్నికలు జరిపేది భారత ఎన్నికల సంఘం. రెండూ వేరు వేరు. స్థానిక జాబితాల బాధ్యతను 243-కె అధికరణం రాష్ట్ర సంఘానికే అప్పగించింది. కేరళలో ఆ సంఘం స్థానిక సంస్థల కోసం వేరే జాబితా తయారుచేస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీరాజ్ చట్టాల ప్రకారం మాత్రం అసెంబ్లీ జాబితాయే మూలం. అందులో ఊరికి సంబంధించిన భాగాన్ని తీసుకొని వార్డులవారీగా విడదీస్తారు. అక్కడ లేని పేరు ఇక్కడ పుట్టదు.

ఈ విడదీసే పని దగ్గరగా చూడాలి. అసెంబ్లీ జాబితాలో పోలింగు కేంద్రం ప్రకారం వరస నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. పంచాయతీ కార్యదర్శి వాటిని ఇంటి నంబరు పట్టుకొని వార్డుల్లోకి సర్దాలి. పాత ఇంటికి 3-42 ఉంటే, పెద్దకొడుకు పక్కన కట్టుకున్నది 3-42/1 అవుతుంది, చిన్నవాడి రేకుల ఇంటికి నంబరే ఉండదు. కొత్త కాలనీలో సగం ఇళ్లకు పాత వాడకట్టు నంబర్లే నడుస్తుంటాయి. అందుకే భర్త నాలుగో వార్డులో, భార్య ఆరో వార్డులో తేలుతున్నారు. వార్డు సభ్యుడి గెలుపు పది ఓట్ల మీద, ఒక్కోసారి ఒక్క ఓటు మీద ఆధారపడే చోట ఇది చిన్న పొరపాటు కాదు. ముసాయిదా మీద అభ్యంతరాలకు గడువు ఇచ్చేది ఇలాంటివి సరిచేయడానికే. ఆ గడువులో నోరు విప్పకపోతే ఆ పొరపాటే తుది జాబితా అవుతుంది.

కొత్త పేరు చేర్చడం మాత్రం కార్యదర్శి చేతిలో లేదు. ఫారం 6 నింపి అసెంబ్లీ నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి పెట్టుకోవాలి. బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. దరఖాస్తు వచ్చాక అభ్యంతరాల కోసం ఏడు రోజులు ఆగాలి, ఆ తర్వాతే విచారణ. ఇప్పుడు 2025 నాటి తెలంగాణ పంచాయతీ ఎన్నికల తేదీలు చూడండి. నవంబరు 25న షెడ్యూలు ప్రకటించారు. 27నే తొలి విడత నామినేషన్లు మొదలయ్యాయి. డిసెంబరు 11న తొలి విడత పోలింగు. షెడ్యూలు విన్నాక ఫారం కోసం బయల్దేరిన కుర్రాడికి ఏడు రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి? 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు ముగిశాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఆ రెండేళ్లలో ఎప్పుడు పెట్టుకున్నా సరిపోయేది. ఊళ్లో చాటింపు వేసి ఆ మాట చెప్పినవాళ్లు ఎందరు?

పౌరుడు సకాలంలో అన్నీ చేసినా హక్కు అందని సందర్భమూ ఉంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. కొత్త జాబితాలు పంచాయతీలవారీగా సకాలంలో సిద్ధం కాలేదన్న కారణంతో 2019 జాబితాలతోనే ఎన్నికలు జరిపారు. కొత్తగా అర్హత పొందిన సుమారు 3.6 లక్షల మంది ఓటు వేయలేకపోయారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది గానీ ఎన్నికలు ఆగలేదు. జాబితాలో లోపం ఉందని ఎన్నికలను ఆపరాదన్నది సుప్రీంకోర్టు 1985లోనే లక్ష్మీచరణ్ సేన్ కేసులో స్థిరపరచిన మాట. ఆ సూత్రం మంచిదే. లేకుంటే ప్రతి ఎన్నికనూ ఎవరో ఒకరు ఆపిస్తారు. కానీ దాని బరువు ఎవరి మీద పడిందో చూడండి. 2001 జనవరి 2న పుట్టిన అమ్మాయి 20 ఏళ్లు నిండి కూడా సర్పంచిని ఎన్నుకోలేకపోయింది. సంస్థల మధ్య జరిగిన జాప్యానికి ఆమె మూల్యం చెల్లించింది. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను.

వయసు విషయంలో చట్టం ఇప్పుడు మెరుగైంది. 61వ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అయినా జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ కావడంతో జనవరి 2న పుట్టినవాళ్లు ఏడాది ఆగాల్సి వచ్చేది. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. 17 దాటిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్ కాలేజీలు పూనుకుంటే ఈ సమస్య సగం తీరుతుంది.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్వతంత్ర భారతం తొలి ఎన్నికలకు జాబితా రాసేటప్పుడు ఎందరో మహిళలు సొంత పేరు చెప్పలేదు, ఫలానావారి భార్యననో, ఫలానావాడి తల్లిననో చెప్పారు. సొంత పేరు లేనిదే నమోదు కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. సుమారు 28 లక్షల మంది పేర్లు తొలగిపోయాయి. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు. ఇవాళ మన దగ్గర పేరు చెప్పడానికి ఎవరూ జంకరు, కానీ పెళ్లి దగ్గర పేరు జారిపోతోంది. పుట్టింటి జాబితాలోంచి ఎవరో ఫారం 7 ఇచ్చి తీసేయిస్తారు, అత్తింటి జాబితాలో ఎవరూ ఎక్కించరు. పంచాయతీ సీట్లలో సగం మహిళలకని చెప్పుకునే ఊళ్లలో కోడలి పేరు ఏ ఊళ్లోనూ లేకపోవడం మనకు సిగ్గుచేటు. చిరునామా మార్పుకు ఫారం 8 ఒక్కటి చాలు. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు వెళ్లే రోజే అదీ నింపించండి.

వలస వెళ్లినవాళ్ల మీద ఊళ్లలో వాదన ఎక్కువ. హైదరాబాద్‌లో స్థిరపడి, అక్కడా ఇక్కడా ఓటు ఉంచుకునేవాళ్లున్నారు. రెండు చోట్ల నమోదు చట్టవిరుద్ధం, తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలుశిక్ష. ఊళ్లో ఇల్లున్నంత మాత్రాన ఆ ఊరి సాధారణ నివాసి కారని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అదే సెక్షన్ ఇంకో మాటా అంటుంది. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు. పనికోసం ఆరునెలలు ముంబయికి పోయిన పాలమూరు కూలీ పేరు కొట్టేయడానికి ఎవరికీ హక్కు లేదు. దురదృష్టం ఏమిటంటే మేడ ఉన్నవాడి పేరు భద్రంగా ఉంటుంది, ఇంటికి తాళం వేసి మూటముల్లె సర్దుకుపోయిన కూలీ పేరే ముందు ఎగిరిపోతుంది.

పేరు తీసేయడానికి పద్ధతి ఉంది. ఒకసారి జాబితాలోకి ఎక్కిన మనిషిని నోటీసు ఇవ్వకుండా, అతని మాట వినకుండా తొలగించరాదని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊళ్లో ఎవరి పేరైనా చెప్పకుండా పోతే ఈ తీర్పు పేరు చెప్పి రాతపూర్వకంగా అడగండి. ఓటరు కార్డు చేతిలో ఉంది కదా అని ధీమా వద్దు. పోలింగు కేంద్రంలో వెతికేది జాబితాలో పేరును.

ఈ వేదిక నుంచి రెండు విన్నపాలు. రాష్ట్ర ఎన్నికల సంఘాలు ఎన్నిక ఉన్నా లేకున్నా ఏటా ఒకసారి అసెంబ్లీ జాబితాను పంచాయతీ వార్డులవారీగా విడదీసి సిద్ధంగా ఉంచాలి. అప్పుడు 2021 మళ్లీ జరగదు. రెండోది మీకు. చదువుకున్న యువతీయువకులు ఏటా కనీసం ఒక గ్రామసభలో ఓటరు జాబితాను మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పైకి చదివించండి. వార్డుకొకరు బాధ్యత తీసుకోండి. పోయినవారి పేర్లు, రావలసిన పేర్లు, వార్డు మారిన పేర్లు వేరువేరుగా రాసి, బూత్ స్థాయి అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చే గ్రామసభలోనే మొదలుపెట్టండి.