సర్వీసు రిజిస్టరు ముగిసిన తరువాత
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడానికి కారణం మీకు తెలిసిందే. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని తీర్పు చెప్పింది. హక్కుల గురించీ, బకాయిల గురించీ నా ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను ఆ జోలికి పోను. పెన్షన్ అయితే వచ్చింది, మరి మిగిలిన ఆయుష్షును ఎలా గడపాలి? ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానాన్ని ఒక పెద్దమనిషి జీవితం ద్వారా మనవి చేస్తాను.

ఆయన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు. మన తెలుగునేలపై, హైదరాబాదులో, 1923లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, భారత వైమానిక దళానికి అధిపతి అయిన వ్యక్తి. అంతటివాడికీ, ముప్పై ఏళ్లు ఫైళ్లకు నోటు రాసిన నాకూ పోలికేమిటని మీరు నవ్వుకోవచ్చు. సర్వీసులో ఉన్నంతకాలం పోలిక లేదు. పదవీ విరమణ చేసిన మర్నాటి ఉదయం మాత్రం అందరికీ ఒక్కటే. ఆ రోజు ఎవరి బల్ల మీదా ఫైలుండదు.

లతీఫ్ గారు 18 ఏళ్ల వయసులో శిక్షణలో చేరి, 1942లో పైలట్ అధికారి అయ్యారు. ఆ సంవత్సరం విశాఖవాసులు మరచిపోయేది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన హార్బరు మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకుని పల్లెలకు తరలిపోయిన సంగతి మనం మన అమ్మానాన్నల నోట విన్నవాళ్లమే. సముద్రం మీద నిఘాకు ఆ రోజుల్లో రేవు పట్టణాలలో తీరరక్షణ విమాన దళాలు పెట్టారు. అటువంటి దళమే కరాచీలోనూ ఉండేది. లతీఫ్ గారి మొదటి పోస్టింగు అక్కడే. అప్పటికే పాతబడిన వాపిటీ, ఆడాక్స్ విమానాలలో అరేబియా సముద్రం మీద శత్రు జలాంతర్గాములను వెతకడం ఆయన పని. తరువాత ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడపడం నేర్చుకుని, బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

1947లో దేశం రెండయింది. సైన్యంలోని ముస్లిం అధికారులు ఎటు ఉంటారో తేల్చుకోవలసి వచ్చింది. తనతో కలిసి పనిచేసిన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ గార్లు పాకిస్తానుకు రమ్మని పిలిచారు. వారిద్దరూ ఆ తరువాత ఆ దేశపు వైమానిక దళానికి అధిపతులయ్యారు. లతీఫ్ గారు మాత్రం మతం వేరు, దేశం వేరు అని ఇక్కడే ఉండిపోయారు. 1950 జనవరి 26న తొలి గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీ ఆకాశంలో ఎగిరిన విమానాలకు ముందు నడిచింది ఆయనే. 1971 యుద్ధ సమయంలో కేంద్ర కార్యాలయంలో ప్రణాళికల బాధ్యత చూశారు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా ఉన్నారు. ఆ పదవి పొందిన మొదటి ముస్లిం ఆయనే. ఆయన హయాంలోనే జాగ్వార్ విమానాలు దళంలో చేరాయి. 58 ఏళ్ల వయసులో, పదవి దిగిపోయే ముందు కూడా, ధ్వనిని మించిన వేగంతో పోయే మిగ్-25లో ఆకాశానికెగిరి వచ్చారు.

ఇంతవరకూ చెప్పినది ఆయన సర్వీసు రిజిస్టరు. ఇక గుమాస్తా లెక్క ఒకటి చెబుతాను, కాస్త మనసు పెట్టి వినండి. 1942 నుంచి 1981 వరకు ఆయన సర్వీసు 39 ఏళ్లు. 1981 నుంచి, 94 ఏళ్ల వయసులో 2018 ఏప్రిల్ నెలాఖరున కన్నుమూసేవరకు సుమారు 37 ఏళ్లు. అంటే యూనిఫాం వేసుకున్న కాలమెంతో, విప్పేసిన కాలమూ దాదాపు అంతే! మనలో చాలామంది మొదటి భాగానికి ఎంతో ప్రణాళిక వేసుకున్నాం. పరీక్షలు రాశాం, ప్రమోషన్ల కోసం ఎదురుచూశాం, సీనియారిటీ జాబితాలు కంఠస్థం చేశాం. రెండో భాగం గురించి ఎవరమైనా ఒక్క కాగితం మీద రాసుకున్నామా?

ఆయనకు మహారాష్ట్ర గవర్నరు పదవీ, ఫ్రాన్సులో రాయబారి పదవీ వచ్చాయి, మనకెవరిస్తారు అని మీరనవచ్చు. నిజమే. కాని 1988తో అవి కూడా ముగిశాయి. ఆ తరువాత హైదరాబాదులో గడిపిన 30 ఏళ్లలో కారు మీద జెండా లేదు. ఆ కాలంలో ఆయన పక్కన నిలిచినది ఆయన ధర్మపత్ని బిల్కిస్ లతీఫ్ గారు.

ఆమె నవాబ్ అలీ యావర్ జంగ్ గారి కుమార్తె. ఆయన మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో మరణించారు. తండ్రి ఉన్న ఆ రాజ్‌భవన్‌కే ఆమె 1982లో గవర్నరు గారి భార్యగా వెళ్లారు. అంతటి భవనంలో ఉంటూ ధారావి మురికివాడకు వెళ్లి అక్కడి ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం పనిచేశారు. హైదరాబాదు వచ్చాక కూడా పేటల్లో ఆ పని మానలేదు, భర్త ఆ పనిలో ఆమెకు తోడు నిలిచారు. ఆమె రచయిత్రి కూడా. మన ఆంధ్ర వంటల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. వేల మందికి ఆజ్ఞలిచ్చిన దళాధిపతి, ఇంటికి వచ్చాక భార్య చేపట్టిన పనిలో సహాయకుడయ్యారు. నా దృష్టిలో ఆయన సాధించిన బిరుదులలో ఇది తక్కువదేమీ కాదు.

వారిది 1951 నాటి వివాహం. ముగ్గురు బిడ్డలు. బదిలీ మీద బదిలీ, నాలుగేళ్లు అమెరికాలో, మళ్లీ ఢిల్లీ. ఇల్లు సర్దడం, విప్పడం ఎంత కష్టమో ఇక్కడ కూర్చున్న సోదరీమణులకు నేను చెప్పనక్కరలేదు. 2017 అక్టోబరులో బిల్కిస్ గారు వెళ్లిపోయారు. ఆరు నెలలు తిరిగేసరికి లతీఫ్ గారూ వెళ్లిపోయారు. హరికేన్, స్పిట్‌ఫైర్ ఒక్కరే కూర్చుని నడిపే విమానాలు. సంసారం మాత్రం ఇద్దరూ కలిసి నడిపేది.

మన బీచి రోడ్డులో టీయూ-142 విమానం మీరంతా చూసే ఉంటారు. 29 ఏళ్లు నౌకాదళానికి సేవ చేసి, ఒక్క ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరి, 2017లో విరమించింది. టిక్కెట్టు కొని జనం చూసి వస్తున్నారు. విమానం విరమిస్తే మ్యూజియం అవుతుంది, బాగానే ఉంది. మనిషి కూడా పడక్కుర్చీలో మ్యూజియం వస్తువై, నేను సూపర్నెంటుగా ఉన్న రోజుల్లో అంటూ వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంటూ కూర్చుంటే, మనుమలు కూడా ఒకసారి చూసి రెండోసారి రారు!

కనుక మిత్రులారా, నా మనవి రెండే మాటలు. మొదటిది, ఇంత కాలం మన వేళకు క్యారేజీ కట్టిచ్చిన ఇల్లాలికి ఏ పని ఇష్టమో అడగండి. గుడి పనో, పేట పిల్లలకు చదువు చెప్పడమో, మొక్కలో, ఏదైనా సరే, అందులో చేయి వేయండి. రెండవది, పి.పి.ఓ. కాగితం, బ్యాంకు పుస్తకం, నామినేషన్లు ఎక్కడున్నాయో ఆమెకు చూపించండి. కుటుంబ పెన్షన్ కాగితాలలో పేరూ, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఇద్దరూ కలిసి చూసుకోండి. భర్త పోయిన నెలలోనే ఆఫీసు మెట్లెక్కి, తన పేరులో ఒక అక్షరం తేడాకు నెలల తరబడి తిరిగే ఆడవాళ్లను నేను బల్లకు ఇవతల కూర్చుని చూశాను. ప్రేమంటే కాగితాలు సరిచేయడం కూడానని ఆ రోజుల్లో నాకు అర్థమైంది.

మనది హక్కుగా వచ్చిన పెన్షన్. దానితో వచ్చిన కాలం కూడా హక్కుదే. దానిని ఇంటివాళ్లతో పంచుకుందాం.